దాచుకున్న పాట ఎవరిది?

రికార్డులు పోగుచేసేవాణ్ణని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని ఉన్నాయి?" అని. రెండోది, "ఇప్పుడు వాటి ఖరీదెంత ఉంటుంది?" అని. బ్యాంకులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి గనక ఈ రెంటికీ జవాబు చెప్పడం నాకు కష్టం కాదు. సుమారు పదకొండు వందలున్నాయి. ఖరీదు అంటారా, అది కొనేవాడి పిచ్చిని బట్టి ఉంటుంది. ఎవరూ అడగని మూడో ప్రశ్న ఒకటుంది. రిటైర్మెంటు దగ్గరపడుతున్న కొద్దీ అదే నన్ను ఎక్కువగా వేధిస్తోంది. అసలు ఇవి నావేనా?

డబ్బిచ్చి కొన్నాను. కొన్ని చోర్ బజారు మటన్ స్ట్రీటులో బేరమాడి తెచ్చినవి, కొన్ని 2016లో మూతపడిన కాలాఘోడా రిథమ్ హౌస్‌లో కొన్నవి. చట్టం దృష్టిలో నావే. ఒక కుర్చీని, ఒక గడియారాన్ని నాది అన్నట్టే వీటినీ నావి అనవచ్చు. కాని వీటిలో ఎక్కువ భాగం జాజ్ సంగీతం. జాజ్ విషయంలో "నాది" అన్న మాట అంత తేలిగ్గా నోట రాదు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మన పాఠకుల్లో జాజ్ వినేవారు కొద్దిమందే ఉంటారు. కర్ణాటక సంగీతం ఎరిగినవారు మాత్రం చాలామంది. ఆ దారినే వెళదాం. గాయకుడు కీర్తన పాడి, ఒకచోట ఆగి, కల్పనస్వరం అందుకుంటాడు. ఆ స్వరాలు ఎక్కడా రాసి ఉండవు. ఆ పూట ఆయన మనోధర్మం ఎటు తీసుకువెళితే అటు సాగుతాయి. జాజ్‌లో కీర్తన పాలు తక్కువ, మనోధర్మం పాలు ఎక్కువ. పాట వరస ఒక కొయ్యమేకు లాంటిది. దానికి తగిలించేదంతా అప్పటికప్పుడు పుట్టేదే. అదీ ఒక్కరు కాదు. ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్ము వాయించేవాళ్ళు ఒకరి మాట ఒకరు వింటూ, ఒకరికొకరు జవాబిస్తూ కట్టే కట్టడం అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నల్లజాతి ప్రజల మధ్య పుట్టింది. ఈ రాత్రి వాయించినది రేపు ఉండదు. ఉండకపోవడమే దాని ప్రాణం.

అలాంటిదాన్ని ప్లేటు మీద పట్టి బంధించి, అదే స్వరాన్ని వెయ్యిసార్లు వింటూ కూర్చోవడం న్యాయమేనా? పరుగెత్తే ఏటి నుంచి ముంతెడు నీళ్ళు ముంచుకుని, ఏరు నా దగ్గరుందని చెప్పుకోవడం కాదా? ఈ సందేహానికి నాకు దొరికిన జవాబు ఒక మనిషి జీవితం. న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్ అనే కార్నెట్ విద్వాంసుడు ఉండేవాడు. జాజ్‌కు ఆద్యుల్లో ఆయన ఒకడని తరవాతివాళ్ళంతా ఒప్పుకున్నారు. 1907లో ఆయనను మతి చెడిందని పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయించినది ఒక్క క్షణం కూడా మనకు దక్కలేదు. విన్నవాళ్ళు పోయారు, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళూ పోయారు. మిగిలింది పేరు. అదే ఊళ్ళో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్ 28న షికాగోలో 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు చేశాడు. ఆరంభంలో ఎవరి తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే కొన్ని క్షణాలు పలుకుతుంది. దాన్ని ప్రపంచమంతటా ట్రంపెట్ వాద్యకారులు పాఠంలా వల్లెవేశారు. పది అంగుళాల ప్లేటు ఒక వైపున పట్టేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాలు లేకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా మనకు బోల్డెన్ లాగే ఒట్టి పేరయ్యేవాడు. కాబట్టి దాచడం తప్పని నేననను. దాచకపోతే అసలు ప్రశ్నే ఉండదు. ప్రశ్నంతా దాచిన తరవాత మొదలవుతుంది.

దాచినవాళ్ళు కూడా ఒక్క రకం కాదు. జెర్రీ న్యూమన్ అని కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థి ఒకడు 1941లో ప్లేట్లు కోసే యంత్రాన్ని మోసుకుపోయి, హార్లెంలో మింటన్స్ అనే చోట రాత్రిళ్ళు వాయించేవాళ్ళ సంగీతాన్ని పట్టాడు. గిటార్ విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్ ఆ ప్లేట్లలో ఉన్నాడు. మరుసటి ఏడు మార్చిలో, పాతికేళ్ళ వయసులో ఆయన చనిపోయాడు. కంపెనీ స్టూడియోలో మూడు నిమిషాల లెక్కకు కట్టుబడిన క్రిస్టియన్ వేరు, ఇక్కడ తన ఇష్టానికి ఎంతసేపైనా వాయించే క్రిస్టియన్ వేరు. ఆ కుర్రవాడి చాదస్తం మనకు ఒక మనిషిని మిగిల్చింది.

డీన్ బెనెడెట్టి కథ ఇంకా చిత్రమైనది. ఆయనా శాక్సఫోన్ వాద్యకారుడే. చార్లీ పార్కర్ అంటే దేవుడితో సమానం ఆయనకు. 1947 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోనూ, ఆ మరుసటి ఏడు న్యూయార్క్‌లోనూ పార్కర్ వాయించే క్లబ్బులకు యంత్రంతో పోయి రికార్డు చేశాడు. అయితే పార్కర్ వాయించినంతసేపే. పార్కర్ ఆపగానే యంత్రం ఆపేవాడు. పియానోవాడి వంతు, ట్రంపెట్‌వాడి వంతు ఆయనకు అక్కర్లేదు. ప్లేట్లు, టేపులు ఖరీదైనవి, అది నిజమే. బెనెడెట్టి 1957లో పోయాడు. ఆ ముక్కలు కుటుంబం దగ్గర ఉండిపోయి, చివరకు 1990లో మొసాయిక్ అనే కంపెనీ ద్వారా ఏడు సి.డి.లుగా బయటికి వచ్చాయి. వింటే ఒళ్ళు పులకరిస్తుంది. వెంటనే బాధ కూడా కలుగుతుంది. పార్కర్ ఒక వాక్యం ముగిస్తాడు, దానికి పక్కవాడు ఇవ్వబోయే జవాబు మొదలుకాకముందే తలుపు మూసినట్టు చప్పుడు ఆగిపోతుంది. ఎవరి మాటకు పార్కర్ బదులిస్తున్నాడో తెలియదు. ఆయన ఏ నేల మీద నిలబడి అంత ఎత్తుకు ఎగిరాడో ఆ నేలనే తీసేశాడు బెనెడెట్టి. అంత భక్తి లేకపోతే ఆ పని ఎవరూ చేసేవారు కారు. ఆ భక్తే మిగిలినవాళ్ళను మాపేసింది. ఒకరిని ప్రేమించడంలో ఇంకొకరికి అన్యాయం చేయగలమనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నేను వినలేదు.

మూడో రకం, తాళం వేసేవాళ్ళు. బిల్ శావరీ అనే సౌండ్ ఇంజనీరు 1930ల చివర్లో రేడియో నుంచి జాజ్ కచేరీలను నేరుగా ప్లేట్ల మీదకు ఎక్కించాడు. కోల్‌మన్ హాకిన్స్, లెస్టర్ యంగ్, బిల్లీ హాలిడే వంటివారు వాటిలో ఉన్నారు. సుమారు వెయ్యి ప్లేట్లు. ఉన్నాయని జాజ్ లోకంలో కొందరికి తెలుసు. విననిచ్చింది మాత్రం బహు తక్కువ మందికి. ఆయన 2004లో పోయాక, 2010లో కొడుకు దగ్గర నుంచి హార్లెంలోని జాతీయ జాజ్ మ్యూజియం వాటిని తీసుకుంది. అప్పటికి కొన్ని ప్లేట్లు బాగుచేయడానికి వీల్లేనంతగా పాడయ్యాయి. లాకరులో పెట్టిన నగ అరగదు. ప్లేటు అలా కాదు. వినకపోయినా చస్తుంది.

తాళం వేసింది ఒక్క వ్యక్తులే అనుకుంటే పొరపాటు. 1957 నవంబరు 29న న్యూయార్క్ కార్నెగీ హాలులో థెలోనియస్ మంక్ బృందంతో జాన్ కోల్ట్రేన్ వాయించాడు. వాయిస్ ఆఫ్ అమెరికా దాన్ని రికార్డు చేసింది. ఆ టేపులు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం చేరాయి. 2005లో ఒక ఉద్యోగి పాత టేపులను కొత్త పద్ధతిలోకి మారుస్తుండగా అవేమిటో తెలిసింది. నలభై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ గ్రంథాలయం అరలో, తాళం లేకుండానే, ఎవరి చెవినా పడకుండా ఉన్నాయవి. అంటే తాళం ఒక్కటే అడ్డు కాదు, పట్టించుకునే చెవి లేకపోవడమూ అంతే. మా బ్యాంకుల్లో రెండేళ్ళు ఖాతాదారు కదిలించని ఖాతాను నిద్రాణ ఖాతా అంటాం. ఆ నియమం నా బీరువాకు వర్తింపజేస్తే సగం రికార్డుల మీద ఎర్రసిరాతో ముద్ర వేయాలి.

వాయిస్ ఆఫ్ అమెరికా పేరు వచ్చింది గనక నా రుణం ఒకటి చెప్పాలి. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి మిల్లుకు వచ్చిన పద్మశాలి. జాజ్ మా ఇంటికి ఏ విధంగానూ వచ్చే సంగీతం కాదు. 1980లలో, బి.కాం. చదువుకునే రోజుల్లో, షార్ట్‌వేవ్ రేడియోలో విల్లిస్ కోనోవర్ గొంతు వినిపించింది. 1955లో మొదలుపెట్టిన ఆ కార్యక్రమాన్ని 1996లో చనిపోయేదాకా ఆయన నడిపాడు. నిదానంగా, గంభీరంగా, ప్రతి మాటా విడిగా వినపడేట్టు మాట్లాడేవాడు. పాట వేసేముందు వాయించినవాళ్ళందరి పేర్లూ చదివేవాడు. డ్రమ్ము ఎవరు, బేస్ ఎవరు, అన్నీ. తన దేశంలో ప్రసారం చేయడానికి ఆ రేడియోకు అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు గనక అమెరికాలో ఆయనను ఎరిగినవారు తక్కువ. చాల్‌లో గోడకానుకుని విన్న నావంటివారికి మాత్రం ఆయన గురువు. ఒక్క పైసా అడగకుండా తనదంతా పంచిన మనిషి. దాచడం నేర్చుకోకముందే పంచడం అంటే ఏమిటో నేను విన్నాను.

ఇక అన్నిటికంటే ఇబ్బంది పెట్టే రికార్డు సంగతి. 1946 జూలై 29న హాలీవుడ్‌లో డయల్ కంపెనీ కోసం పార్కర్ 'లవర్ మాన్' వాయించాడు. అప్పటికి ఆయన మత్తుమందుకు బానిస. అది దొరక్క, తాగి, నిలబడలేని స్థితిలో ఉన్నాడు. పాట మొదలవుతుంది, ఆయన శాక్సఫోన్ రావలసినచోట రాదు. వచ్చాక తడబడుతుంది. ఆ రాత్రే హోటల్లో గొడవ జరిగింది, పోలీసులు పట్టుకున్నారు, తరవాత ఆరు నెలలు కామరిల్లో మానసిక చికిత్సాలయంలో గడిపాడు. కంపెనీ ఆ రికార్డును విడుదల చేసింది. పార్కర్‌కు దాని మీద పట్టరాని కోపం. 1951లో అదే పాట మళ్ళీ బాగా వాయించి రికార్డు ఇచ్చాడు. అయినా జనం మొదటిదాన్నే వెతుక్కుంటారు. అందులో గుండెకోత ఉందని కొందరి మాట. ఉంది, కాదనను. కాని కింద పడుతున్న మనిషి కేక అది. దాన్ని వినే హక్కు నాకు ఎవరిచ్చారు? వాయించినవాడు ఇవ్వలేదు. నా దగ్గర ఆ రికార్డు ఉంది. పారేయను, ఎందుకంటే అదీ చరిత్రే. ఇంటికి వచ్చినవారికి వినోదం కోసం వేయను. ఎవరైనా పట్టుపట్టి అడిగితే, ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పి, ఆ తరవాత ముల్లు దించుతాను. నా వరకు నేను గీసుకున్న గీత అది. ఇంకొకరు ఇంకోచోట గీయవచ్చు. అసలు గీతే అక్కర్లేదనేవారితోనే నాకు పేచీ.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం, అది నా వృత్తి. జాజ్ పేరుతో వెలువడిన మొదటి రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ చేసినది. వాయించిన అయిదుగురూ తెల్లవాళ్ళు. సంగీతం పుట్టించిన వారికి ఆ తొలి ఖాతాలో చోటు లేదు. తరవాతి రోజుల్లో నల్లవాళ్ళు రికార్డు చేసినా, చాలామందికి ముట్టింది ఆ రోజు కూలే. రికార్డు ఎన్ని వేలు అమ్ముడైనా వెనక డ్రమ్ము వాయించినవాడికి మరో డాలరు రాదు. పైగా ఆ రికార్డునే హోటల్లో పెట్టెలో వేసుకుంటే వాద్యబృందాన్ని పిలిచే పని తప్పుతుంది. తాను చేసిన రికార్డే తన పొట్ట కొట్టిందన్నమాట. అందుకే అమెరికా వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగుకు సమ్మె కట్టింది. కొన్ని పెద్ద కంపెనీలతో అది 1944 నవంబరు దాకా సాగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జాజ్ కొత్త మలుపు తిరిగింది. ఆ మలుపుకు సరైన రికార్డులు లేవని మావంటివాళ్ళం తరచు వగచుతుంటాం. కూలి అడిగిన మనిషి చెవికి మా వగపు ఎలా వినపడుతుందో ఆలోచించం.

ఇంత దూరం ఎందుకు, మా బొంబాయిలోనే చూడండి. గోవా నుంచి వచ్చిన జాజ్ వాద్యకారులు సాయంత్రాలు హోటళ్ళలో వాయించి, పగళ్ళు సినిమా స్టూడియోల్లో పనిచేశారు. చిక్ చాకొలెట్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ట్రంపెట్ విద్వాంసుడు ఆంటోనియో జేవియర్ వాజ్ సంగీత దర్శకుడు సి. రామచంద్రతో పనిచేశాడు. 1951 నాటి 'అల్‌బేలా'లో తెర మీద కూడా కనిపిస్తాడు. ఆయన పేరైనా మిగిలింది. ఆ పాటల వెనక కూర్చున్న ఎంతోమంది పేర్లు రికార్డు అట్ట మీద ఎక్కనే లేదు.

ఇదంతా పాత బాకీ కదా, చట్టప్రకారం చెల్లిపోయిందిగా అని వాదించవచ్చు. నిజమే. అమెరికాలో 1923కు ముందు వెలువడిన రికార్డులు 2022 జనవరి 1 నుంచి అందరి సొత్తు అయ్యాయి. మన దేశంలో రికార్డు మీద హక్కు అరవై ఏళ్ళు. బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవారికి కాలదోషం పట్టిన బాకీ అంటే ఏమిటో గుర్తుండే ఉంటుంది. గడువు దాటితే అప్పిచ్చినవాడు కోర్టుకెక్కలేడు. అయినా అప్పు అప్పు కాకుండా పోదు. బాకీదారు తనంతట తాను "ఇస్తాను" అని రాసి సంతకం పెడితే, భారత కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ఆ మాటను చెల్లుబాటుగానే గుర్తిస్తుంది. చట్టాలు రాసినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో అని ఆ రోజుల్లో అనుకున్నాను. వసూలు చేసే దారి పోయినా రుణం మిగిలే ఉంటుందని వాళ్ళకు తెలుసు. రికార్డులు దాచుకున్నవాళ్ళందరం అటువంటి బాకీదారులమే. ఎవరూ మన మీద దావా వేయరు. ఒప్పుకుని సంతకం పెట్టడం మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతుంటే ఈ గోలంతా ఎందుకని మా అబ్బాయి అంటాడు. వాడి మాట తోసిపుచ్చదగ్గది కాదు. మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' నా దగ్గరున్నదాని కంటే ఫోనులోనే సరిగ్గా ఉంటుంది. అతిశయోక్తి కాదు. మొదటి వైపు రికార్డు చేసిన యంత్రం వేగం కాస్త తప్పడం వల్ల ఆ పాటలు అసలు శ్రుతి కంటే కొంచెం హెచ్చుగా వినిపించేవి. 1992లో గాని కంపెనీ దాన్ని దిద్దలేదు. ముప్పై మూడేళ్ళు లోకమంతా ఆ హెచ్చు శ్రుతినే ప్రేమించింది. కాబట్టి పాత ప్లేటులోనే సత్యముందని నేను దబాయించను. అయితే ఫోనులో ఒక లోటు ఉంది. పాట వస్తుంది, వాయించినవాళ్ళ పేర్లు చాలాసార్లు రావు. బెనెడెట్టి మనుషులను కోసేస్తే ఇది పేర్లను కోసేస్తోంది.

అసలు ప్రశ్నకు తిరిగి వస్తాను. ఇవి నావేనా? మా కౌంటరు దగ్గర తరచు జరిగే తగువు ఒకటుంది. చనిపోయిన తండ్రి ఖాతాకు పెద్దకొడుకు నామినీ. బ్యాంకు సొమ్ము అతని చేతికిస్తుంది. అతను అంతా నాదే అంటాడు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి: "బాబూ, నామినీ అంటే తీసుకునేవాడే గాని స్వంతదారు కాడు. నీ చెల్లెళ్ళ వాటా కూడా నీ చేతిలో ఉంది. నువ్వు వాళ్ళ తరఫున పట్టుకున్నావంతే." చాలామందికి ఆ మాట రుచించదు. పార్కర్, క్రిస్టియన్, పేరు తెలియని ఆ డ్రమ్ముగాళ్ళు పోయాక వాళ్ళ చప్పుడు నా చేతికి వచ్చింది. నేను ఖరీదిచ్చింది అట్టకు, ప్లేటుకు. లోపలున్నదానికి నేను నామినీని. వారసులు ఇంకెవరో. బహుశా ఇంకా పుట్టి ఉండరు.

అలా అనుకున్నాక చేయవలసిన పనులు వాటంతటవే తేలాయి. ఒక పెద్ద లెడ్జరు కొన్నాను. ప్రతి ఆదివారం రెండు రికార్డులు మొదటి నుంచి చివరిదాకా వింటాను. ఎవరెవరు వాయించారో అందరి పేర్లూ తెలుగులో రాస్తాను. బేస్ వాయించినవాడి పేరు తెలియకపోతే తెలిసేదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతాను. ఇదే నేను పెట్టగల సంతకం. మొన్నామధ్య ఒక వ్యాపారి వచ్చి మొత్తం పదకొండు వందలకూ కలిపి మంచి ధర చెప్పాడు. ఎవరికోసమని అడిగితే, చల్లగాలి యంత్రం పెట్టిన గదిలో అద్దాల బీరువాల్లో పెట్టుకునే పెద్దమనిషి ఒకరున్నారన్నాడు. వింటారా అన్నాను. వ్యాపారి నవ్వాడు. ఇవ్వలేదు. ఆ డబ్బు మాకు అక్కరకు రానిది కాదు, ఆ సంగతి మా ఆవిడ గుర్తుచేస్తూనే ఉంది. అడిగినవారికి కూర్చోబెట్టి వినిపించే గ్రంథాలయం గాని, కళాశాల గాని దొరికితే లెడ్జరుతో సహా ఇచ్చేస్తానని ఆమెతో అన్నాను. దొరికేదాకా మా ముందుగది తలుపు ఆదివారాలు తెరిచి ఉంటుంది.

పాఠకులకు జాజ్ అంటించాలన్న కోరిక నాకు లేదు. కాని సోలాపూరులో, భివండిలో, బరంపురంలో, హోసూరులో మన ఇళ్ళ అటకల మీద పాత క్యాసెట్లు ఉన్నాయి. అమ్మమ్మలూ నాయనమ్మలూ పాడిన బతుకమ్మ పాటలు, పెళ్ళిపాటలు వాటిలో ఉన్నాయి. పరాయి రాష్ట్రంలో తెలుగు చదవడం రాని మనవలకు ఆ గొంతులే మిగిలిన తెలుగు. టేపు మీది పొడి ఏటేటా రాలుతోంది. ఒకరు ముందు పాడగా, వంత పాడినవాళ్ళు పదిమంది ఉంటారు. క్యాసెట్టు మీద మహా అయితే ఒకరి పేరు ఉంటుంది. ఆ పదిమంది పేర్లు చెప్పగలవారు ఇంకా కొందరు బతికే ఉన్నారు. క్యాసెట్టు దించి, వాళ్ళ పక్కన కూర్చుని, ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.